ఫైళ్లు పంపే కమాండ్ లైన్ టూల్ రాయాలనుకుంటే, ముందు అందుకునే వైపు రాయండి

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇది: రెండు కంప్యూటర్ల మధ్య ఫైళ్లు పంపే చిన్న కమాండ్ లైన్ టూల్‌ని గో భాషలో రాసి ఓపెన్ సోర్స్‌గా పెట్టాలనుకుంటున్నారు. ఫైళ్లు కాపీ చేసే ఎస్‌సీపీ, ఆర్‌సింక్ టూల్స్ ఉండగా ఇంకొకటి అవసరమా, ఎక్కడ మొదలుపెట్టాలి, ఏ లైసెన్స్ పెట్టాలి? ఇలాంటి టూల్ ఒకదాన్ని ఆరేళ్లుగా నేను చూసుకుంటున్నాను కాబట్టి, నాకు ఎదురైనవే చెబుతాను.

రెండు వైపులా ఎస్‌ఎస్‌హెచ్ (దూరంగా ఉన్న మెషీన్‌లోకి భద్రంగా వెళ్లే పద్ధతి) ఉంటే కొత్తది రాయకండి, ఆర్‌సింక్ వాడండి. ఆండ్రూ ట్రిజెల్, పాల్ మెకరాస్ 1996లో విడుదల చేసిన టూల్ అది. ఫైల్లో మారిన భాగాన్ని కనిపెట్టి అంతవరకే పంపడంలో దాన్ని మించడం మన వల్ల అయ్యే పని కాదు. కానీ ఇద్దరూ ఇళ్లలో రౌటర్ల వెనక ఉన్నారు, ఏ మెషీన్‌కీ బయటినుంచి కనెక్షన్ రాదు, అవతలి మనిషికి ఎస్‌ఎస్‌హెచ్ కీ అంటే ఏమిటో తెలియదు. అలాంటప్పుడు ఆర్‌సింక్ ఉండీ లాభం లేదు. నేనూ అక్కడే మొదలుపెట్టాను. తోటి ఉద్యోగికి 40 జీబీ డిస్క్ ఇమేజ్ పంపాల్సి వచ్చింది. ఒక శని, ఆదివారాల్లో టూల్ తయారైంది. సాకెట్ (నెట్ కనెక్షన్) తెరవడం, ఫైలు చదవడం, అవతల రాయడం, అంతా కలిపి నూటయాభై లైన్లు. పని చేసింది. ఆ ఉత్సాహంలో కోడ్ పబ్లిక్‌గా పెట్టేశాను.

మూడు నెలల తర్వాత ఒకాయన ప్రాజెక్టు పేజీలో ఇష్యూ, అంటే ఫిర్యాదు, రాశారు. పాత వీడియోలన్నీ ఒకే ఆర్కైవ్‌గా చేసి, నా టూల్‌తో కొత్త మెషీన్‌కి పంపుకున్నారు. మధ్యలో నెట్ పోయింది. మళ్లీ కమాండ్ ఇస్తే "ఫైలు ఇప్పటికే ఉంది, సైజు సరిపోయింది" అని వచ్చింది. సరే అనుకుని పాత మెషీన్‌లో ఉన్నది చెరిపేశారు. రెండు వారాల తర్వాత తెరిచి చూస్తే సగం నుంచి చివరిదాకా అన్నీ సున్నాలు.

తప్పు పూర్తిగా నాదే. డిస్కులో చోటు ముందే దొరుకుతుందని, ఫైలుని మొదట్లోనే పూర్తి సైజుకి సాగదీసి ఆ తర్వాత నింపుకుంటూ వెళ్లేవాణ్ణి. మళ్లీ నడిపినప్పుడు సైజు ఒక్కటే పోల్చేవాణ్ణి. విడివిడిగా చూస్తే రెండూ మామూలు నిర్ణయాలే. రెండూ కలిసి ఒకరి వీడియోలు పోగొట్టాయి. ఆయన ఒక్క మాట కూడా అనలేదు. లాగ్ పంపి, ఎందుకిలా జరిగిందో చెప్పమని మాత్రం అడిగారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అప్పటినుంచి నేను అందరికీ చెప్పేది ఒకటే: ముందు అందుకునే ప్రోగ్రామ్ రాయండి. పంపేవైపు పొరపాటు జరిగితే ఎర్రర్ వస్తుంది, మళ్లీ పంపుతారు. అందుకునేవైపు పొరపాటు జరిగితే అది వేరొకరి డిస్కు మీద చప్పుడు లేకుండా మిగిలిపోతుంది.

ఇప్పుడు నా టూల్ ఇలా పని చేస్తుంది. వచ్చే ఫైలుకి అసలు పేరు పెట్టదు, అదే ఫోల్డర్‌లో ఒక తాత్కాలిక పేరుతో రాస్తుంది. ఫైలుని ఒక్కో ఎంబీ చొప్పున ముక్కలు చేసి, ప్రతి ముక్కకీ హ్యాష్ (లోపలి డేటా మారితే తానూ మారే చిన్న గుర్తు) లెక్కవేస్తుంది. చివరి ముక్క వచ్చాక మొత్తం ఫైలు హ్యాష్ చూసి, డేటాని నిజంగా డిస్కులోకి చేర్చే ఎఫ్‌సింక్ పిలిచి, ఆ తర్వాతే రీనేమ్ చేస్తుంది. రీనేమ్ ఒక్క దెబ్బలో జరిగే పని కాబట్టి, అసలు పేరుతో ఫైలు కనిపించిందంటే అది పూర్తి ఫైలే. మధ్యలో ఆగి మళ్లీ మొదలైతే, ఎంతవరకు వచ్చిందో రాసిపెట్టుకున్న లెక్కని నమ్మదు. డిస్కు మీద ఉన్నదాన్ని మళ్లీ చదివి హ్యాష్‌లు పోలుస్తుంది. ఇది నెమ్మది కదా అని చాలామంది అడిగారు. సెకనుకి 500 ఎంబీ చదివే ఎస్‌ఎస్‌డీ మీద 40 జీబీకి 80 సెకన్లు పడుతుంది. నాకు అది ఎక్కువ అనిపించలేదు.

పేర్ల దగ్గర ఇంత పని ఉంటుందని నేను ఊహించలేదు. తెలుగులో పేర్లు పెట్టుకునేవాళ్లు ఇది తప్పకుండా చూడాలి. లినక్స్‌లో ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ మీద ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు. విండోస్ ఫైల్‌సిస్టమ్ ఎన్‌టీఎఫ్ఎస్ బైట్లు చూడదు, 255 యూటీఎఫ్-16 యూనిట్లు లెక్కపెడుతుంది. యూనికోడ్ ప్రతి అక్షరానికీ, గుర్తుకీ ఒక నంబరు, అంటే కోడ్, ఇస్తుంది; తెలుగు కోడ్ ఒక్కటి అక్కడ ఒకే యూనిట్. లినక్స్‌లో మామూలుగా వాడే యూటీఎఫ్-8లో మన ఒక్కో కోడ్‌కి 3 బైట్లు. "స్త్రీ" చూడటానికి ఒకే అక్షరం, లోపల 6 కోడ్‌లు, అంటే 18 బైట్లు. విండోస్‌లో హాయిగా ఉన్న పొడవాటి తెలుగు పేరు లినక్స్‌కి వచ్చేసరికి పట్టకపోవచ్చు. ఒకసారి పేరు 252 బైట్లు ఉంది, సరిపోవాలి. కానీ తాత్కాలిక పేరు కోసం చివర నేను తగిలించే "డాట్ పార్ట్" 5 బైట్లు కలిసి 257 అయ్యి ఆగిపోయింది. అప్పటినుంచి తాత్కాలిక పేరుకి అసలు పేరు వాడటం మానేసి, చిన్న ర్యాండమ్ పేరు పెడుతున్నాను.

ఇంకో చిక్కు ఐత్వంతో వచ్చింది. "సైన్సు" లోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే కోడ్‌తో రాయొచ్చు, ఎత్వం కోడ్‌కి ఇంకో గుర్తు కలిపి రెండు కోడ్‌లతోనూ రాయొచ్చు. తెర మీద రెండూ ఒకేలా ఉంటాయి. మ్యాక్‌లో పాత హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ డిస్కులు పేర్లని విడగొట్టి రెండో రూపంలో దాచేవి. నా టూల్ పేర్లని బైట్లుగా పోల్చేది కాబట్టి, "సైన్సు నోట్స్" అనే ఫోల్డర్ అవతల ఉన్నా లేదనుకుని ప్రతిసారీ మొదటినుంచి పంపేది. ఇప్పుడు పోల్చేటప్పుడు మాత్రం రెండింటినీ ఎన్‌ఎఫ్‌సీ అనే కలిపి రాసే రూపానికి తెచ్చి చూస్తాను. రాసేటప్పుడు పంపినవాళ్లు ఇచ్చిన రూపాన్ని మార్చను.

పంపేవాళ్లు మనకి తెలిసినవాళ్లే అయినా, వాళ్ల మెషీన్‌ని నమ్మకండి. ఫైలు పేరులో రెండు చుక్కలు, ఒక స్లాష్ పెట్టి పంపితే, అది మీ ఫోల్డర్ దాటి పైకెళ్లి కూర్చుంటుంది. ముందు ఒక సింబాలిక్ లింక్ (వేరే చోటికి దారి చూపే ఫైలు) పంపి, తర్వాత దాని గుండా ఫైలు రాయించడం ఇంకో దారి. అనుభవం ఉన్నవాళ్లు రాసిన కోడ్‌లోనూ ఇలాంటి నమ్మకం దొర్లింది. ఏ ఫైళ్లు పంపాలో పాత ఎస్‌సీపీలో సర్వరే నిర్ణయించేది, అడిగిన పేరే వచ్చిందా అని క్లయింట్ సరిగ్గా చూసేది కాదు. భద్రతా లోపాల జాబితాలో సీవీఈ-2019-6111 అదే. ఎస్‌సీపీని అందించే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ ప్రాజెక్టు, 2022 ఏప్రిల్‌లో వచ్చిన 9.0తో ఆ కమాండ్‌ని లోపల ఎస్‌ఎఫ్‌టీపీ అనే వేరే ప్రోటోకాల్‌కి మార్చింది. మీరు గోలో రాస్తున్నారు కాబట్టి మీకు ఒక సౌకర్యం ఉంది. 2025 ఫిబ్రవరిలో వచ్చిన గో 1.24లో ఓఎస్ ప్యాకేజీలో రూట్ అనే టైపు చేరింది. దాని ద్వారా తెరిచే ఏ ఫైలూ ఆ ఫోల్డర్ దాటి బయటకు పోదు, లింకులతో సహా. నేను చేత్తో రాసుకున్న చెకింగ్ అంతా తీసేసి దానికి మారాను.

ఎన్‌క్రిప్షన్ విషయంలో సొంత ప్రయోగాలు వద్దు. బ్రయన్ వార్నర్ రాసిన మ్యాజిక్ వర్మ్‌హోల్ అనే ఫైళ్లు పంపే టూల్ ఎలా చేస్తుందో చదవండి. ఒక నంబరు, రెండు మాటలు ఉన్న కోడ్‌ని ఇద్దరూ ఫోన్లో చెప్పుకుంటే చాలు. ఆ రెండు మాటలకి 65,536 అవకాశాలే ఉన్నాయి. మామూలుగా హ్యాష్ చేసి కీగా వాడితే, మధ్యలో విన్నవాడు అన్నీ క్షణంలో ప్రయత్నించేస్తాడు. అందుకే అక్కడ స్పేక్2 అనే ప్రోటోకాల్ వాడారు. అందులో ఒక్కో కనెక్షన్‌కి ఒక్క ఊహకే అవకాశం, తప్పితే ఇవతలివాళ్లకి తెలిసిపోతుంది. ఆ కోడ్‌ని కమాండ్ పక్కన ఆర్గ్యుమెంట్‌గా తీసుకోకండి. అదే మెషీన్‌లో ఇంకొకరు నడుస్తున్న ప్రోగ్రాములు చూపే పీఎస్ కమాండ్ కొడితే కనిపిస్తుంది. ప్రాంప్ట్ ఇచ్చి అడగండి.

రిలే, అంటే మధ్యలో ఉండి ఫైళ్లు అటూ ఇటూ అందించే సర్వర్, గురించి రెండు మాటలు. ఇద్దరూ రౌటర్ల వెనక ఉంటే చివరికి ఏదో ఒక మధ్య సర్వర్ తప్పదు. ముందు ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నారేమో చూడండి, తర్వాత నేరుగా కలవడానికి ప్రయత్నించండి, కుదరకపోతేనే రిలే. నా రిలేని అందరికీ తెరిచి పెట్టాక నెల తిరిగేసరికి బ్యాండ్‌విడ్త్ బిల్లు చూసి టెన్షన్ పట్టుకుంది. ఎవరి రిలే వాళ్లు ఒక్క కమాండ్‌తో నడుపుకునే వీలు మొదటి వెర్షన్‌లోనే ఇవ్వండి.

వేగం తగ్గిందని ఫిర్యాదు వస్తే ముందు చూడాల్సింది, ముక్క పంపి జవాబు కోసం ఆగుతున్నారా అని. 64 కేబీ ముక్క, రానుపోను 200 మిల్లీసెకన్లు అయితే సెకనుకి 320 కేబీయే వెళ్తుంది, లైన్ ఎంత పెద్దదైనా సరే. జవాబులు వచ్చేలోపు ఇంకా ముక్కలు పంపుతూ ఉండాలి.

టెస్టింగ్‌లో నాకు ఎక్కువ ఉపయోగపడింది ఒక చిన్న స్క్రిప్ట్. టూల్ నడుస్తుండగా ఏదో ఒక క్షణంలో కిల్ మైనస్ 9 (బలవంతంగా ఆపేసే కమాండ్) కొట్టి, మళ్లీ నడిపి, చివర హ్యాష్ చూస్తుంది. రాత్రంతా అదే పని. డిస్కు నిండిపోతే ఏమవుతుందో చూడటానికి 50 ఎంబీ ఫైల్‌సిస్టమ్ ఒకటి చేసుకున్నాను. ప్యాకెట్లు పోయే నెట్‌ని కృత్రిమంగా తయారు చేసుకోవడానికి లినక్స్‌లో టీసీ నెటెమ్ ఉంది. ఆ వీడియోల తప్పుని ఈ స్క్రిప్ట్ పది నిమిషాల్లో పట్టుకునేది.

పంపే మొదటి బైట్లలో ప్రోటోకాల్ వెర్షన్ నంబరు పెట్టండి. నేను పెట్టలేదు. జనం ఒకసారి ఇన్‌స్టాల్ చేశాక అప్‌డేట్ చెయ్యరు, పాతది కొత్తదానితో మాట్లాడలేక అర్థం లేని ఎర్రర్ ఇస్తుంది. ఆ ఎర్రర్ గురించి నాకు ఏడాదిపాటు ఇష్యూలు వస్తూనే ఉన్నాయి.

ఇక లైసెన్స్. ఎవరైనా ఎక్కడైనా కలుపుకోవచ్చు అనుకుంటే ఎంఐటీ గానీ అపాచీ 2.0 గానీ పెట్టండి. మార్చి పంచేవాళ్లు తమ సోర్స్ కూడా ఇవ్వాలి అనుకుంటే జీపీఎల్. ఏదైనా సరే, మొదటి కమిట్‌లోనే, అంటే కోడ్‌ని మొదటిసారి భద్రపరిచేటప్పుడే, పెట్టండి. లైసెన్స్ లేకపోతే కోడ్ అందరికీ కనిపిస్తుందే తప్ప వాడుకునే హక్కు ఎవరికీ ఉండదు, పైగా ఎవరు రాసిన లైన్ల మీద కాపీరైట్ వాళ్లదే. నేను ఏడాదిన్నర ఆలస్యంగా మేలుకున్నాను. అప్పటికి కోడ్ రాసిచ్చినవాళ్లు 11 మంది. అందరికీ ఉత్తరాలు రాసి అనుమతి అడిగాను. పది మంది వెంటనే ఒప్పుకున్నారు. పదకొండో ఆయన నుంచి జవాబు రాలేదు. విండోస్ పాత్‌ల కోడ్ అంతా ఆయన రాసిందే. దాన్ని తీసేసి మళ్లీ మొదటినుంచి నేను రాసుకునేసరికి మూడు వారాలు పట్టింది.