అంకె కన్నా ముందు తరంగాన్ని చూడు

విశాఖపట్నం

చిరంజీవి సౌజన్యకు ఆశీస్సులు.

వచ్చే నెల నుంచి కేజీహెచ్ ఆపరేషన్ థియేటర్‌లో మత్తు డాక్టరుగా కేసులు నువ్వే చూసుకోబోతున్నావని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం. మత్తులో ఉన్న మనిషి ఊపిరాడడం లేదని చెప్పుకోలేడు. అతని తరఫున మాట్లాడేవి తెర మీది గీతలే. ధమనిలో సూది గుచ్చకుండానే రక్తంలోని వాయువుల జాడ చెప్పే ఆ పరికరాలను ఎక్కడ నమ్మాలో, ఎక్కడ అనుమానించాలో తెలియాలి.

1974లో జపాన్‌లో తకువో అయోయాగి ప్రతిపాదించిన సూత్రంతోనే, వేలికి తగిలించి రక్తంలో ఆక్సిజన్ శాతం చూసే పల్స్ ఆక్సీమీటర్ పనిచేస్తుంది. ఎరుపు, పరారుణ కాంతులు నాడి కొట్టుకున్నప్పుడల్లా ఎంత మారుతున్నాయో లెక్కగడుతుంది. నాడి సరిగా అందకపోతే లెక్కే తప్పుతుంది. అందుకే అంకె కన్నా ముందు తరంగాన్ని చూడు. వేళ్లు చల్లబడ్డాయా, గోళ్లకు రంగుందా, బీపీ పట్టీ అదే చేతికి కట్టారా చూసుకో. తెర మీద 90 శాతం కనిపించేసరికి రక్తంలో ఆక్సిజన్ పీడనం 60 మి.మీ. (పాదరసం) దగ్గరికి దిగిపోయి ఉంటుంది. అక్కడి నుంచి జారుడు వేగం ఎక్కువ.

మన ప్రాంతం రోగుల గురించి ఒక మాట. పల్లెల నుంచి వచ్చే పెద్ద వయసు ఆడవాళ్లను అడ్డపొగ, అంటే చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని పీల్చే అలవాటుందా అని తప్పకుండా అడుగు. చుట్ట పొగలోని కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్‌ను కూడా ఈ పరికరం ఆక్సిజన్ ఉన్నట్టే లెక్కిస్తుంది. ఏజెన్సీ నుంచి వచ్చిన రక్తహీనురాలికి హిమోగ్లోబిన్ 6 గ్రాములే ఉన్నా తెర మీద 99 చూపించవచ్చు. కానీ ఆ రక్తం మోసే ఆక్సిజన్ మామూలు మనిషి రక్తం మోసేదాంట్లో సగం కూడా ఉండదు.

ఇక రోగి వదిలే గాలిలో కార్బన్ డయాక్సైడ్‌ను గీతగా చూపే క్యాప్నోగ్రాఫ్. నన్నడిగితే రెండింటిలో ఇదే నమ్మకమైన కాపలాదారు. శ్వాసనాళంలో పెట్టాల్సిన ట్యూబు పొరపాటున అన్నవాహికలోకి వెళ్తే, ముందుగా ఆక్సిజన్ పట్టించిన రోగికి సాచురేషన్ (ఆక్సీమీటర్ చూపే శాతం) కొన్ని నిమిషాల దాకా పడకపోవచ్చు. కార్బన్ డయాక్సైడ్ గీత మాత్రం కొన్ని శ్వాసల్లోనే చదునైపోతుంది. గీత చదునైతే యంత్రానికి గాలి తీసుకెళ్లే సన్న గొట్టంలో నీటిచుక్క అడ్డుపడిందిలే అని సరిపెట్టుకోకు. ముందు రోగి ఛాతీ చూడు, స్టెత్ పెట్టి విను. గొట్టం సంగతి ఆ తర్వాత.

ఆరోగ్యవంతుల్లో వదిలే గాలి చివర కార్బన్ డయాక్సైడ్ 35 నుంచి 45 మి.మీ. మధ్య ఉంటుంది. ధమని రక్తంలో అంతకన్నా 2 నుంచి 5 మి.మీ. ఎక్కువ. ఊపిరితిత్తుల జబ్బున్నా, గుండె బలహీనంగా కొట్టుకుంటున్నా ఆ తేడా పెరిగిపోతుంది. బీపీతో పాటు ఈ అంకె కూడా పడిపోయిందంటే వెంటిలేటర్ మీట తిప్పడం కాదు, రక్తప్రసరణకు ఏమైందో వెతకాలి. లాపరోస్కోపీలో పొట్టలోకి ఎక్కించిన వాయువు వల్ల అంకె పెరగడం మామూలే, అయినా ఎంత పెరుగుతోందో గమనిస్తూ ఉండు.

పెద్ద కేసుల్లో రోగి నిలకడపడగానే ఒక ఏబీజీ (ధమని రక్తంలోని వాయువుల పరీక్ష) పంపు. సరిగ్గా ఆ నిమిషానికి తెర మీదున్న కార్బన్ డయాక్సైడ్ అంకెను కేస్ షీట్‌లో దాని పక్కనే రాసుకో. బీపీ మారినా, రోగి భంగిమ మార్చినా ఆ రెండింటి మధ్య తేడా ఇక చెల్లదు. మళ్లీ ఏబీజీ పంపాలి. సర్జన్ తొందరపెట్టినా సరే.

ఇట్లు,
మీ పెదనాన్న