సమాధానం: 1872, తోపుడు బండి ఎందుకు కలవడం లేదంటే

మీ కథ చదివినవాళ్లు కథానాయికను ఎందుకు నమ్మడం లేదని అడిగారు కదా, చిక్కు ఆమెలో లేదు, తేదీలో ఉంది. ఆ మోర్మన్ (అమెరికాలో పుట్టిన ఒక క్రైస్తవ శాఖ) అమ్మాయి 1872లో తోపుడు బండి లాక్కుంటూ అమెరికా పడమటి వైపున్న యూటా చేరిందని రాశారు. చదివినవాళ్లు నమ్మలేకపోతున్నది అక్కడే. సామాను తోపుడు బండ్లలో వేసుకుని మోర్మన్లు బృందాలుగా యూటాకు నడిచింది 1856 నుంచి 1860 వరకే. 1869 మే 10న అమెరికా తూర్పు, పడమరల రైలు మార్గం కలిసింది, ఇక బండి లాగాల్సిన పని లేదు.

చాలామంది సంవత్సరం ఒక్కటే మార్చి ఊరుకుంటారు. దాంతోపాటు ఆమె సామాను, ఇంటి పని, హక్కులు కూడా మారాలి.

1. బండి కావాలంటే 1856కి వెళ్లండి. పెద్దవాళ్లకు తలా 17 పౌండ్ల సామానే, అంటే ఎనిమిది కిలోలు కూడా కాదు. కట్టుబట్టలు, పక్కబట్టలు అన్నీ అందులోనే. అమ్మ కుట్టిచ్చిన బొంత తూకంలో ఎక్కువైతే ఏం చేసింది? ఆ సీను తప్పకుండా రాయండి, కథకు ప్రాణం అదే.

2. 1872 ఉంచాలంటే రైలెక్కించండి. అప్పటికే యూటా ఆడవాళ్లకు ఓటు ఉంది, 1870లో వచ్చింది. కథ 1887 దాటితే మాత్రం జాగ్రత్త: ఆ ఏడాది అమెరికా కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) చట్టం ఆ ఓటును తీసేసింది, 1896లో తిరిగొచ్చింది. అప్పట్లో యూటాలో పట్టుపురుగులు పెంచేవాళ్లు కాబట్టి ఆమె ఇంట్లో వాటిని కూడా పెట్టొచ్చు. మల్బరీ ఆకు కోసి మేపడం ఆడవాళ్ల పనే. హిందూపురం వైపు పురుగుల షెడ్డు చూసినవాళ్లకు ఆ నమిలే చప్పుడు తెలుసు, వాన పడుతున్నట్టే ఉంటుంది.

3. అప్పట్లో కొందరు మోర్మన్లకు ఒకరికి మించి భార్యలుండేవాళ్లు. ఆమె భర్తకూ ఇంకో భార్య ఉంటే, ఇద్దరిదీ ఒకే ఇల్లా, వేర్వేరు ఇళ్లా ముందే తేల్చుకోండి. రెండూ ఉండేవి.