పాత ప్యాకింగ్ పారెయ్యకు

అల్లుడూ,

నువ్వు బాగుచేస్తున్న తాతయ్య లారీ ఫోటోలు చూశాను. ముందు గ్రిల్లు మీద బెంజ్ నక్షత్రం ఇంకా నిలిచి ఉందంటే మనసు నిండిపోయింది. టాటావాళ్లు బెంజ్‌తో 1954లో మొదలుపెట్టిన ఒప్పందం 1969లో ముగిసింది. అందుకే ఆ గుర్తున్న బండి దొరకడం కష్టం. పాలిష్ చేసే కుర్రాడి చేతికి మాత్రం ఆ నక్షత్రాన్ని ఇవ్వకు.

ప్యాకింగులు, అదే రెండు భాగాల మధ్య కారకుండా వేసే గ్యాస్కెట్లు, దొరకట్లేదని టెన్షన్ పడుతున్నావట. ఇంజన్ హెడ్ కింద వేసే హెడ్ గ్యాస్కెట్ ఒక్కటీ నువ్వు చేయబోకు, అది మంటనూ నీళ్లనూ ఆయిల్‌నూ కలవకుండా ఆపాలి. ఎన్నిరోజులైనా ఆటోనగర్ అంతా వెతికి సరైనదే కొను. వాటర్ పంపు, థర్మోస్టాట్ మూత, ట్యాపెట్ కవర్ (ఇంజన్ పైన ఉండే రేకు మూత) లాంటివాటి ప్యాకింగులు ఇంట్లో బల్ల మీద కోసుకోవచ్చు.

పాత ప్యాకింగ్ ముక్కలైనా సరే ఏరి, కవర్లో వేసి, ఏ భాగానిదో రాసి పెట్టు. దాని మందమే నీకు కొలత. చిన్న వయసులో నేనొక లారీ ఆయిల్ పంపు మూతకు చేతికందిన మందపాటి కాగితం కోసి వేశాను. ఆయిల్ కారలేదు, అందరూ మెచ్చుకున్నారు. కానీ మూతకూ లోపలి గేర్లకూ మధ్య సందు పెరిగి, ఇంజన్ వేడెక్కగానే ఆయిల్ ప్రెషర్ పడిపోయింది. పాత ముక్క అప్పటికే చెత్తలో పోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పాత ప్యాకింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. పొడిగా గీకొద్దు, గ్రైండర్‌కు వైర్ బ్రష్ తగిలించి అసలు రుద్దొద్దు. నీళ్లతో తడిపి, మాస్క్ పెట్టుకుని, మెల్లగా లేపు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రాదు.

కొత్త ప్యాకింగ్ కోసేటప్పుడు భాగం అంచుకు పలుచగా గ్రీజు రాసి ప్యాకింగ్ కాగితం మీద అద్దితే ఆకారం దిగుతుంది. ముందు బోల్టు రంధ్రాలు చెయ్యి. కాగితాన్ని భాగం మీదే పరిచి, రంధ్రం మీద దానికంటే కాస్త పెద్ద బేరింగ్ గుండు పెట్టి సుత్తితో ఒక్కటి తట్టు, గుండ్రంగా తెగి కింద పడుతుంది. రెండు రంధ్రాల్లో బోల్టులు దించితే కాగితం కదలదు, అప్పుడు చుట్టూ కోసుకో. ఇనుప భాగాలకే ఈ సుత్తి పద్ధతి. అల్యూమినియం మూత అయితే అంచు నలుగుతుంది, దానికి గీత గీసి బ్లేడుతోనే కొయ్యి.

ట్యాపెట్ కవర్‌కు కార్క్ వెయ్యి. ఎండి కుంచించుకుపోయిన కార్క్‌ను కాసేపు తడిగుడ్డలో చుడితే మళ్లీ సాగుతుంది. అక్కడ ఆయిల్ కారితే తప్పు చాలాసార్లు కార్క్‌ది కాదు, బోల్టులు బిగించీ బిగించీ వంగిన రేకు అంచుది. ముందు దాన్ని మట్టంగా కొట్టు. పానా మీద బలం చూపిస్తే కార్క్ పగులుతుంది.

డీజిల్ పైపుల రాగి వాషర్లను పారెయ్యక్కర్లేదు. స్టవ్ మీద ఎర్రగా కాల్చి నీళ్లలో వెయ్యి. ఉక్కులా గట్టిపడదు రాగి, మెత్తబడుతుంది. తర్వాత అద్దం మీద సన్న ఎమరీ కాగితం పరిచి రెండు వైపులా రుద్దు.

తుప్పు పట్టిన క్లిప్పులు, బ్రాకెట్లు ప్లాస్టిక్ బకెట్‌లో లీటరు నీళ్లకు చెంచాడు బట్టల సోడా కలిపి కరెంటుతో శుభ్రం చెయ్యి. 12 వోల్టుల ఛార్జర్ మైనస్ నీ భాగానికి, ప్లస్ పాత ఇనుప ముక్కకు. ఆ ముక్క స్టీలు గరిటె కాకూడదు, నీళ్లలో విషం దిగుతుంది. బుడగల్లో వచ్చేది హైడ్రోజన్, కాబట్టి ఆరుబయటే పెట్టి, వైర్లు తగిలించే ముందూ తీసే ముందూ ఛార్జర్ ఆపు. అల్యూమినియం వెయ్యకు, కరుగుతుంది. స్ప్రింగులు కూడా వద్దు, పెళుసుబారతాయి. ఇత్తడి సామానుకు అత్తయ్య చింతపండు చాలు, ఆ తర్వాత సోడా నీళ్లతో కడిగి ఆరబెట్టు.

స్టీరింగ్ బాక్స్ జోలికి మాత్రం ఇప్పుడే వెళ్లకు. దాని మూత కింది పలుచటి రేకు పొరలే (షిమ్‌లు) బేరింగుల బిగువు నిర్ణయిస్తాయి, ఒక్కటి తగ్గినా స్టీరింగ్ చక్రం పట్టేస్తుంది. విప్పే రోజు ముందే చెప్పు, మందం కొలిచే వెర్నియర్ పట్టుకుని నేనే వస్తాను.

మీ మామయ్య