సమాధానం: క్లయింట్ల జాబితా ప్రతిసారీ ఎందుకు ఖాళీ అవుతోంది?

మీ పైథాన్ చాట్ సర్వర్‌లో కొత్తవాళ్లు చేరిన ప్రతిసారీ క్లయింట్ల జాబితా ఖాళీగా కనబడుతోందన్నారు కదండీ. మీ సాకెట్ కోడ్‌లో తప్పేం లేదు. పైథాన్‌తోనే వచ్చే సాకెట్‌సర్వర్ (socketserver) మాడ్యూల్ ఒక్కో కనెక్షన్‌కీ హ్యాండ్లర్ క్లాసుతో (వచ్చిన కనెక్షన్ పని చూసే క్లాసు) కొత్త ఆబ్జెక్ట్ తయారుచేసి, పని కాగానే వదిలేస్తుంది. మీరు జాబితాను ఆ హ్యాండ్లర్ సెల్ఫ్‌లో (self, అంటే ఆ ఆబ్జెక్ట్‌లోనే) పెట్టారు, ఆబ్జెక్ట్‌తోపాటే జాబితా కూడా పోతుంది. అదే మాడ్యూల్‌లోని సర్వర్ క్లాసు టీసీపీసర్వర్ (TCPServer) నుంచి సొంత సబ్‌క్లాస్ రాసి జాబితాను అక్కడ ఉంచండి. హ్యాండ్లర్‌లోంచి సెల్ఫ్.సర్వర్ (self.server) ద్వారా అందుతుంది.

అన్నట్టు, మామూలు టీసీపీసర్వర్ ఒకరి పని పూర్తయ్యాకే రెండోవాళ్లని చూస్తుంది. చాట్‌కి అది పనికిరాదు. ఒక్కో కనెక్షన్‌నీ విడి థ్రెడ్‌లో, అంటే మిగతావాటితో పాటే నడిపించే థ్రెడింగ్‌మిక్సిన్ (ThreadingMixIn) కలపండి, కానీ మీ సబ్‌క్లాస్ బ్రాకెట్లో టీసీపీసర్వర్ కంటే దాన్నే ముందు రాయాలి. వెనక రాస్తే ఎర్రరూ రాదు, థ్రెడ్లూ రావు! థ్రెడ్లు వచ్చాక జాబితాను మార్చేచోట లాక్ (ఒకసారికి ఒక్క థ్రెడ్‌నే రానిచ్చేది) తప్పనిసరి.