పాత మారుతి 800 కార్బ్యురేటర్ బండికి ఏ స్పార్క్ ప్లగ్గులు వేయాలి?

అన్నా, మీ ప్రశ్న ఇది: కడపలో 1997 మారుతి 800, కార్బ్యురేటర్ బండి. పొద్దున ఒక పట్టాన స్టార్ట్ కాదు, గువ్వలచెరువు ఘాట్ ఎక్కేటప్పుడు మిస్సింగ్. ప్లగ్గులు విప్పితే రెండు సిలిండర్లలో బీపీఆర్6ఈఎస్, ఒకదాంట్లో బీపీఆర్5ఈఎస్ ఉన్నాయి. మాన్యువల్ పోయింది. మెకానిక్కేమో మన ఎండలకు కోల్డ్ ప్లగ్ కావాలి, 7 నంబరు తెచ్చుకో అంటున్నాడు. దుకాణంలో ఇరిడియం వేసుకుంటే ఇంక చూసుకునే పనే ఉండదంటున్నారు.

ముందు జవాబు చెప్తా, కారణాలు తర్వాత. మామూలు నికెల్ ప్లగ్గులే తీసుకోండి, మూడూ ఒకే నంబరువి. కడప టౌన్‌లోనే తిరిగే బండయితే బీపీఆర్5ఈఎస్. వారం వారం నలుగురిని ఎక్కించుకుని ఘాట్ ఎక్కేదీ, హైవే మీద గంటల తరబడి పోయేదీ అయితే బీపీఆర్6ఈఎస్. గ్యాప్, అంటే ప్లగ్ కొసన స్పార్క్ దూకే సందు, 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు. 7 నంబరు వద్దు, ఇరిడియం ఇప్పుడే వద్దు. ఆ పాత మూడు ప్లగ్గుల్ని మాత్రం పారేయకండి. ఏది ఏ సిలిండర్‌లోదో స్కెచ్ పెన్నుతో రాసి పక్కన పెట్టండి. బండికి అసలు ఏం జబ్బో అవే చెప్తాయి.

ఎన్‌జీకే (మీ ప్లగ్గుల కంపెనీ) పెట్టె మీద రాసిన అక్షరాలు చదవడం వస్తే దుకాణంలో ఎవరూ మిమ్మల్ని మార్చలేరు. బి అంటే 14 మిల్లీమీటర్ల మర, 20.8 మిల్లీమీటర్ల షట్కోణం, అంటే మనం 21 ప్లగ్ పానా అనేది. పి అంటే పింగాణీ ముక్కు కాస్త బయటికి పొడుచుకుని ఉంటుంది. ఆర్ అంటే లోపల రెసిస్టర్ ఉంది. అంకె హీట్ రేంజ్, అంటే ప్లగ్ వేడిని ఎంత తొందరగా వదులుతుందో చెప్పేది. ఈ అంటే మర పొడవు 19 మిల్లీమీటర్లు. చివర ఎస్ అంటే మామూలు ఎలక్ట్రోడ్, లోపల రాగి కడ్డీ. దాని తర్వాత 11 అని ఉంటే ఫ్యాక్టరీలోనే 1.1 మిల్లీమీటర్ల గ్యాప్ పెట్టారని. అది ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ బండ్ల కోసం. మీ బండికి అలాగే బిగిస్తే ఘాట్‌లో మిస్సింగ్ ఇంకా ఎక్కువవుతుంది. మీ మూడింటి మీద 11 ఉందేమో ఒకసారి చూడండి. బీసీపీఆర్ అని సి కలిస్తే షట్కోణం 16 మిల్లీమీటర్లది, తర్వాతి తరం బండ్లకు వేసేది.

వీటిలో ఎట్టి పరిస్థితిలోనూ తప్పకూడనిది మర పొడవు. 19 పట్టే హెడ్డుకు (ప్లగ్ బిగించే, సిలిండర్ల పైభాగం) 12.7 మిల్లీమీటర్ల పొట్టి ప్లగ్ కూడా చక్కగా ఎక్కుతుంది, బండి నడుస్తుంది కూడా. కానీ కింద ఖాళీగా మిగిలిన మరల్లో మసి గట్టిపడిపోతుంది. తర్వాత సరైన ప్లగ్ పెట్టబోతే దిగదు, బలవంతం చేస్తే హెడ్డు మర పోతుంది. దీనికి తిరగేసి, పొట్టి మర ఉన్న హెడ్డుకు పొడుగు ప్లగ్ వేస్తే పిస్టనే వచ్చి తగలొచ్చు. కొత్తదాన్ని పాతదాని పక్కన నిలబెట్టి మరలు సరితూగుతున్నాయో లేదో కౌంటర్ దగ్గరే చూసుకోండి.

ఎన్‌జీకే దొరక్కపోతే బీపీఆర్6ఈఎస్‌కు సమానమైనవి బాష్ డబ్ల్యూఆర్7డీసీ, డెన్సో డబ్ల్యూ20ఈపీఆర్-యు, ఛాంపియన్ ఆర్ఎన్9వైసీ. బీపీఆర్5ఈఎస్‌కు బాష్ డబ్ల్యూఆర్8డీసీ, డెన్సో డబ్ల్యూ16ఈపీఆర్-యు. పాత మెకానిక్కులు మైకో అనేది ఈ బాష్‌నే. మైకో కంపెనీ 2008లో బాష్ లిమిటెడ్‌గా పేరు మార్చుకుంది. ఇక్కడ చాలామంది పొరపడేది అంకెల దగ్గరే. ఎన్‌జీకే, డెన్సోల్లో అంకె పెరిగేకొద్దీ కోల్డ్. బాష్, ఛాంపియన్‌లలో పెరిగేకొద్దీ హాట్. బాష్ 7 అంటే ఎన్‌జీకే 6 అన్నమాట. మీ మెకానిక్ చెప్పిన 7 ఏ కంపెనీదో అడగండి. ఆయన మనసులో ఉన్నది బాష్ 7 అయితే ఆయన మాటలో తప్పేం లేదు.

ఇక ఎండల సంగతి. కడపలో, కర్నూలులో మే నెలలో 43, 44 డిగ్రీలు నిజమే. అయితే ప్లగ్ హాటా కోల్డా అన్నది బయటి ఎండను బట్టి కాదు, ముక్కుకు తగిలిన వేడి ఎంత తొందరగా హెడ్డులోకి దిగిపోతుందన్న దాన్ని బట్టి. పింగాణీ ముక్కు పొడుగుంటే వేడి నిదానంగా దిగుతుంది, అది హాట్ ప్లగ్. పొట్టిగా ఉంటే చప్పున దిగుతుంది, అది కోల్డ్. ముక్కు కొస దాదాపు 500 డిగ్రీలకు చేరితేనే దాని మీద చేరిన మసి కాలిపోయి తనను తాను శుభ్రం చేసుకుంటుంది. 800 దాటి పైకి పోతే స్పార్క్ రాకముందే పెట్రోలు అంటుకుంటుంది, పిస్టన్ కరిగేదాకా పోవచ్చు. ఈ రెండు హద్దుల మధ్య ఉంచడానికే హీట్ రేంజ్. మంట వేడి 2000 డిగ్రీలు దాటే చోట, బయట పది డిగ్రీలు ఎక్కువైనందుకు ప్లగ్ మార్చాల్సిన పని లేదు. హెడ్డు వేడిని అదుపులో పెట్టేది రేడియేటర్, థర్మోస్టాట్. ఎండాకాలం భయం ఉంటే డబ్బు కూలెంట్ మీద, ఫ్యాన్ స్విచ్ మీద పెట్టండి.

7 వేస్తే ఏమవుతుందంటే, ఏడు రోడ్ల దగ్గర ట్రాఫిక్‌లో, చిన్న చిన్న తిరుగుళ్లలో ముక్కు 500 అందుకోదు. మసి పేరుకుంటుంది. మసి కరెంటును దారి మళ్లిస్తుంది, స్పార్క్ గ్యాప్‌లో పడకుండా పింగాణీ మీదుగా బాడీలోకి జారిపోతుంది. పొద్దున స్టార్టింగ్ ట్రబుల్ ఇప్పటికే ఉంది కదా, అది రెట్టింపవుతుంది.

ఇప్పుడు ఆ పాత ప్లగ్గుల దగ్గరికి రండి. సరిగ్గా చదవాలంటే బండిని పదిహేను కిలోమీటర్లు మంచి వేగంలో నడిపి, ఐడిలింగ్‌లో ఉంచకుండా ఆపేసి, చల్లారాక విప్పాలి. ఇంటి ముందు పది నిమిషాలు ఐడిలింగ్‌లో పెట్టి విప్పితే మంచి ఇంజన్‌లో ప్లగ్ కూడా నల్లగానే కనిపిస్తుంది. ముక్కు లేత గోధుమ రంగులోనో బూడిద రంగులోనో ఉంటే అంతా బాగున్నట్టు. మూడూ పొడి మసితో, వేలికి అంటేలా నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ పోతోంది. చోక్ పూర్తిగా తెరుచుకోవడం లేదా, కార్బ్యురేటర్‌లో ఫ్లోట్ లెవెల్ ఎక్కువుందా, ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయిందా చూడాలి. ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీల దారిలో, తాడిపత్రి బండల పాలిష్ యూనిట్ల దారిలో తిరిగే బండికి ఫిల్టర్ పుస్తకంలో రాసిన కిలోమీటర్ల దాకా ఆగదు. నెలకోసారి తీసి చూడాల్సిందే. అన్నిటికంటే చవకైన రిపేరు అది.

ఒక్కటే నల్లగా, తడిగా, నూనె జిడ్డుతో ఉంటే ఆ సిలిండర్‌లోకి ఆయిల్ వస్తోంది. ఘాట్ దిగేటప్పుడు యాక్సిలరేటర్ వదిలి మళ్లీ తొక్కగానే నీలం పొగ వస్తే వాల్వ్ సీల్స్ మీద అనుమానం. ఎక్కేటప్పుడు వదలకుండా వస్తే పిస్టన్ రింగులు. మీ బండిలో ఒకదాంట్లోనే 5 నంబరు ఉండటానికి కారణం ఇదే కావచ్చు. ఆయిల్ పడుతున్న సిలిండర్‌లో మసి కాలిపోతుందని ఎవరో ఒక మెట్టు హాట్ ప్లగ్ పెట్టి ఉంటారు. కొన్నాళ్లు నడుస్తుంది, జబ్బు మాత్రం అలాగే ఉంటుంది. అందుకే ఆ 5 నంబరు ప్లగ్‌ను అన్నిటికంటే శ్రద్ధగా చూడండి.

ముక్కు సున్నంలా తెల్లగా, బుడిపెలు లేచి ఉంటే వేడి మితిమీరింది. గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అవుతోందా, టైమింగ్ ముందుకు పోయిందా, ప్లగ్ వదులుగా బిగించారా అని వరసగా చూడాలి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. మామూలు పెట్రోలు 1 కిలో కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి, దీనికి 13.5 చాలు. ఎంపీఎఫ్ఐ బండిలో (కార్బ్యురేటర్ బదులు ఇంజెక్టర్లు పెట్రోలు చిమ్మేది) ఆక్సిజన్ సెన్సర్ ఉంటే కంప్యూటర్ తేడా సర్దుకుంటుంది. కార్బ్యురేటర్‌కు ఆ తెలివి లేదు, జెట్ (పెట్రోలు దిగే సన్న రంధ్రం) ఎంత ఉంటే అంతే పోస్తుంది, అంటే ఈ పెట్రోలుతో గాలి ఎక్కువ, ఇంధనం తక్కువ అవుతుంది. అందుకే పాత బండ్లలో ప్లగ్గులు ఇదివరకటికంటే తెల్లబడుతున్నాయి. దీనికి మందు కోల్డ్ ప్లగ్ కాదు. కార్బ్యురేటర్ తెలిసినవాళ్ల చేత జెట్, మిక్చర్ సరిచూపించాలి. పాత రబ్బరు పెట్రోలు పైపులు కూడా అదే రోజు మార్పించండి. ఇథనాల్‌కు అవి మెత్తబడి పగులుతాయి, మంటలంటుకునే ప్రమాదం ఉంది.

పింగాణీ బయటి భాగంలో, ఇనుప బాడీకి కాస్త పైన గోధుమ రంగు ఉంగరంలా ఒక మరక కనిపించొచ్చు. గ్యాస్ లీకవుతోందని దాన్ని చూసి ప్లగ్ పారేస్తారు. హై వోల్టేజికి గాలిలోని నూనె రేణువులు అంటుకుని పడే మరక అది, ఏమీ కాదు. నిలువుగా సన్నటి నల్లగీత ఉంటే మాత్రం కరెంటు బయటినుంచే బాడీకి దూకుతోంది. ప్లగ్‌తో పాటు వైరు టోపీ కూడా మార్చాలి.

ఘాట్‌లోనే మిస్సింగ్ అన్నారు కాబట్టి వైర్ల గురించి ఇంకాస్త. బరువు మీద లాగేటప్పుడు సిలిండర్‌లో ఒత్తిడి పెరుగుతుంది, ఆ ఒత్తిడిలో గ్యాప్ దాటడానికి ఎక్కువ వోల్టేజి కావాలి. గ్యాప్ అరిగి 1 మిల్లీమీటరు దాటినా, వైరు రబ్బరు ఎండకు బిరుసెక్కి పగిలినా చదునులో తెలియదు, ఎత్తులో బయటపడుతుంది. రాత్రి చీకట్లో బానెట్ ఎత్తి, ఇంజన్ ఆన్‌లో ఉంచి, వైర్ల మీద నీళ్లు సన్నగా చిలకరించండి. చెయ్యి దూరంగా పెట్టుకోండి. ఎక్కడైనా నీలం మెరుపులు ఆడితే వైర్ల సెట్టు మార్చాల్సిందే. డిస్ట్రిబ్యూటర్ క్యాప్ లోపల పచ్చటి తుప్పు, పగులు ఉన్నాయేమో అప్పుడే చూడండి.

ఇరిడియం మంచిదే. మధ్య తీగ 0.4, 0.6 మిల్లీమీటర్ల సన్నం కాబట్టి తక్కువ వోల్టేజికే స్పార్క్ పడుతుంది, చాలా కాలం అరగదు. కానీ ఆయిల్ పడే, పెట్రోలు ఎక్కువ పోసే ఇంజన్‌లో అది కూడా నికెల్‌ లాగే మసిబారుతుంది. కొన్ని రెట్లు ధర పెట్టి కొని మసి పట్టించుకోవడం దేనికి? మామూలువి 15 నుంచి 20 వేల కిలోమీటర్లు వస్తాయి. ముందు ఇంజన్ జబ్బు తీరనివ్వండి. గ్యాస్ కిట్ ఉన్న బండికి మాత్రం గ్యాప్‌ను 0.1 తగ్గించి పెట్టుకోవాలి, గ్యాస్‌ను అంటించడానికి ఎక్కువ వోల్టేజి పడుతుంది.

నకిలీలు బాగా తిరుగుతున్నాయి, పెట్టె చూసి నమ్మకండి. మల్టీమీటర్ పట్టుకుని పోండి. పై కొసకూ మధ్య ఎలక్ట్రోడ్‌కూ మధ్య కొలిస్తే ఆర్ ఉన్న ప్లగ్ సుమారు 5 కిలో ఓమ్‌లు చూపాలి, 3 నుంచి 7.5 దాకా ఫరవాలేదు. దాదాపు సున్నా చూపిస్తే లోపల రెసిస్టరే లేదు, పేరు మాత్రమే ఉంది. మధ్య ఎలక్ట్రోడ్ పక్కకు వాలి ఉన్నా, మర గరుకుగా ఉన్నా, అక్షరాలు చెరిగినట్టున్నా తిరిగిచ్చేయండి.

బిగించేటప్పుడు ఇంజన్ పూర్తిగా చల్లగా ఉండాలి. 800 హెడ్డు అల్యూమినియం, వేడిలో విప్పితే మరలు ప్లగ్‌తో పాటే ఊడి వస్తాయి. వైరును పట్టి లాగకండి, టోపీని పట్టుకుని అటూ ఇటూ తిప్పి తీయండి. ఒక్కొక్కటే తీసి ఒక్కొక్కటే పెడితే వైర్లు తారుమారు కావు. పానాతో సగం చుట్టు వదులు చేసి, అక్కడ ఆగి, సైకిల్ పంపుతో గుంట చుట్టూ ఊదండి. మన దారుల్లో చేరే రాతి పొడి సిలిండర్‌లో పడితే గోడల మీద గీతలు పెడుతుంది. గ్యాప్ ఫీలర్ గేజ్‌తో చూసి, మార్చాల్సి వస్తే పక్క ఎలక్ట్రోడ్‌నే వంచాలి, మధ్యదాన్ని ముట్టకూడదు. కొత్త ప్లగ్ పై కొసకు జానెడు పెట్రోలు పైపు ముక్క తొడిగి దానితో తిప్పుతూ దింపండి. మర వంకరగా పడితే పైపు జారిపోతుంది, హెడ్డు బతుకుతుంది. చేత్తో ఆగాక పానాతో అర చుట్టు, కొత్త వాషర్ నలగడానికి అది చాలు. వాడిన ప్లగ్‌నే మళ్లీ పెడుతుంటే చుట్టులో పన్నెండో వంతు మాత్రమే. టార్క్ పానా ఉంటే 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు. మరకు గ్రీజు, ఆయిల్ పూయకండి, జారుడుకు తెలియకుండానే ఎక్కువ బిగుసుకుంటుంది. మర ఇప్పటికే పోయి ఉంటే లేత్ షాపులో హెలికాయిల్ (కొత్త మరగా పనిచేసే తీగ చుట్ట) వేయిస్తారు, హెడ్డు మార్చే పని లేదు.

కొత్తవి వేశాక ఐదారు వందల కిలోమీటర్లు నడిపి మళ్లీ మూడూ విప్పి చూడండి. ఆ పాత 5 నంబరు ఉన్న సిలిండర్‌దే మళ్లీ నల్లబడితే కంప్రెషన్ టెస్ట్ (సిలిండర్లలో ఒత్తిడి కొలవడం) చేయించండి. మూడు సిలిండర్ల మధ్య తేడా చదరపు సెంటీమీటరుకు 1 కిలో దాటకూడదు. తక్కువ వచ్చిన దాంట్లో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలిస్తే, రీడింగ్ పెరిగితే రింగులు, పెరక్కపోతే వాల్వో హెడ్ గ్యాస్కెట్టో. రీడింగ్ మూడింటికీ సమంగా ఉండి కూడా ఆయిల్ పడుతుంటే వాల్వ్ సీల్స్. ఆ రీడింగులు, ప్లగ్గుల ఫొటోలు ఇక్కడే పెట్టండి, చూసి చెప్తా.