చెప్పినాయన మాట

కొర్లగుంట, తిరుపతి

తమ్ముడికి,

మగవాళ్ల ఆరోగ్యం మీద నువ్వు రాసిన అరగంట ప్రోగ్రాం స్క్రిప్టు రాత్రి చదివాను. ప్రోస్టేట్ గురించి డాక్టరుగారి మాటలు చక్కగా పట్టుకున్నావు. పీఎస్‌ఏ (రక్తపరీక్షలో చూసే ప్రోస్టేట్ గ్రంథి ప్రోటీన్) పెరిగినంత మాత్రాన క్యాన్సర్ కాదనీ, ఇన్‌ఫెక్షన్ వచ్చినా, వయసుతో గ్రంథి ఉబ్బినా అది పెరుగుతుందనీ వినేవాళ్ల టెన్షన్ తగ్గేలా రాశావు. కానీ డాక్టరుగారికి పేరు, డిగ్రీలు, 16 నిమిషాలు. చిత్తూరు నుంచి బస్సెక్కి వచ్చిన మామిడి రైతుకి 40 సెకన్లు, కింద 'బాధితుడు' అని అక్షరాలు!

రాత్రికి ఐదుసార్లు మూత్రానికి లేస్తూ, ఏడాదిపాటు ఎవరికీ చెప్పుకోలేక, చివరికి తనంతట తానే ఓపీ లైన్లో నిలబడ్డ మనిషాయన. ఆ ఏడాది ఎలా గడిచిందో చెప్పగలిగేది ఆయనొక్కడే.

నేనూ ఈ తప్పు చేశాను. పిల్లలు లేని జంటల్లో దాదాపు సగం మందికి కారణం మగవాడి వైపు కూడా ఉంటుందని చెప్పే కార్యక్రమం అది. ఒకాయన మైకు ముందు, "పరీక్షంటే సిగ్గయిపాయ సార్. ఆరేండ్లు నా పెండ్లాన్నే ఆస్పత్రుల చుట్టూ తిప్పితిని. లోపం నాలోనే ఉండాదని తెలిసినాక ఆమె కాళ్లు పట్టుకుంటిని" అన్నాడు. టైం చాల్లేదని "సిగ్గయిపాయ సార్" దగ్గర కత్తిరించాను. ప్రసారమైన మర్నాడు స్టూడియోకి వచ్చాడు. చెప్పులు గుమ్మం బయటే విడిచి, "నేను చెప్పింది అది కాదు కదా సార్" అన్నాడు. కోప్పడలేదు. దుమ్ముకొట్టుకుపోయిన ఆ చెప్పులు ఇప్పటికీ నా కళ్లముందే ఉన్నాయి.

అప్పటినుంచి, కత్తిరించిన ముక్కని ముందు చెప్పినవాళ్లకే ఫోన్లో వినిపిస్తున్నా. "ఇది నీ మాటేనా అన్నా?" అని అడుగుతా. వద్దంటే తీసేస్తా, ఎంత మంచి ముక్కయినా సరే. నీ మామిడి రైతు "పోతా ఉండా" అంటే అలాగే ఉంచు, "వెళ్తున్నాను" అని వేరే గొంతుతో చెప్పించకు. ముఖం కనపడకుండా చేస్తే చాలనుకోకు. చేతి కడియాన్ని బట్టి మనిషిని గుర్తుపట్టే ఊళ్లు మనవి.

తర్వాతి ఎపిసోడ్ డిప్రెషన్ మీద అన్నావు. మానసిక వైద్యశాలలో చికిత్స పొందుతున్నవాళ్ల ఫొటో గానీ వివరాలు గానీ వాళ్ల అంగీకారం లేకుండా మీడియాకి ఇవ్వకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 24వ సెక్షన్ చెబుతోంది. బంధువులు ఒప్పుకున్నారు కదా అని కెమెరా తీయకు.

ముందు ఆ రైతుకి ఫోన్ చెయ్యి. పేరు కింద ఏమని వెయ్యమంటారో ఆయన్నే అడుగు. పగలంతా తోటలో ఉంటాడు, సాయంత్రం ఏడు దాటాక చెయ్యి.

మీ అన్న