బయాప్సీలో గ్రేడ్ 3, కీ-67 75% అని వస్తే ఇక ఆశ లేనట్టేనా?

మీ అమ్మగారి రొమ్ము క్యాన్సర్ బయాప్సీ రిపోర్టులో ట్రిపుల్ నెగటివ్ (కణాలు హార్మోన్లను అందుకునే రెండు రకాల రిసెప్టర్లూ, హెర్2 అనే ప్రోటీన్ ఎక్కువగా ఉండటమూ, ఈ మూడూ లేని రకం), గ్రేడ్ 3, కీ-67 75%, టిల్స్ 40% అని ఉందని, ఇంట్లో అందరూ మూడో స్టేజ్ అనుకుని ఏడుస్తున్నారని రాశారు. ముందు వాళ్లకు ఒక మాట చెప్పండి. గ్రేడ్ వేరు, స్టేజ్ వేరు.

మాది గుంటూరు. 2021లో మా అక్కకు ఇదే జబ్బు వచ్చింది, అప్పటికి తనకు 46. మా బావగారికి మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం. గ్రేడ్ అంటే ఆయనకు తెలిసింది డీలక్స్, మీడియం, తాలు. రిపోర్టు చూసి, "మూడంటే తాలేగా అమ్మాయ్" అని ల్యాబ్ మెట్ల మీదే కూర్చుండిపోయారు.

స్టేజ్ అంటే గడ్డ ఎంతుంది, చంకలోకో మరో అవయవానికో పాకిందా అన్న లెక్క. గ్రేడ్ అంటే మైక్రోస్కోప్ కింద ఆ కణాల వాలకం. అవి గొట్టాల్లా అమరాయా, వాటి కేంద్రకాలు ఎంత వంకరటింకరగా ఉన్నాయి, ఎన్ని కణాలు విభజనలో ఉన్నాయి అని చూసి, ఒక్కోదానికి 1 నుంచి 3 దాకా మార్కులు వేసి కూడతారు. 8 గానీ 9 గానీ వస్తే గ్రేడ్ 3. ట్రిపుల్ నెగటివ్‌లో చాలావరకు గ్రేడ్ 3యే ఉంటాయి, అంటే మీ రిపోర్టులో అదేమీ అదనపు చెడ్డకబురు కాదు. కీ-67 అంటే విభజన బాటలో ఉన్న కణాల శాతం, అది ఎక్కువ ఉందంటే కణాలు జోరుగా పెరుగుతున్నాయని. కాకపోతే కీమో దెబ్బ ఎక్కువగా తగిలేది అలా జోరు మీదున్న కణాలకే.

మీరు అసలు పట్టించుకోనిది టిల్స్. నేనైతే ముందు అదే చూస్తాను. మేం రెండో అభిప్రాయం కోసం విజయవాడ సూర్యారావుపేటలో ఒక పెథాలజిస్టు దగ్గరికి స్లైడ్లు పట్టుకెళ్లాం. ఆవిడ ఓపిగ్గా నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఇద్దరు చూడగలిగే మైక్రోస్కోప్‌లో చూపించారు. గులాబీ రంగు మీద ఊదా రంగు గుంపులు, అవి క్యాన్సర్ కణాలు. వాటి మధ్య జాగాలో పోపులో ఆవాలు చల్లినట్టు నల్లటి చుక్కలు. "ఇవి లింఫోసైట్లు. ఒంటి తరఫున పోరాడటానికి వచ్చినవి" అన్నారు. ఆ జాగాలో వాటి వాటా ఎంతో చెప్పేదే టిల్స్ శాతం. ట్రిపుల్ నెగటివ్‌లో ఇది ఎంత ఎక్కువుంటే కీమోకు లొంగే అవకాశం, తర్వాత బాగుండే అవకాశం అంత ఎక్కువ. హార్మోన్ రిసెప్టర్లు ఉన్న క్యాన్సర్లలో దీనికి ఇంత విలువ లేదు. అక్క మొదటి రిపోర్టులో ఆ అంకే లేదు, అడిగితే రాశారు, 50%.

ఇంకో సంగతి. మొదట ఒక చిన్న నర్సింగ్ హోంలో ముక్క తీసి, ఫార్మలిన్‌కు బదులు సెలైన్‌లో వేసి బావగారి చేతికిచ్చారు. ఆయన స్కూటర్ డిక్కీలో పెట్టుకుని మర్నాడు ల్యాబ్‌లో ఇచ్చారు. అలా పాడైన ముక్కలో హార్మోన్ రిసెప్టర్లు ఉన్నా లేనట్టు కనబడొచ్చు. ట్రిపుల్ నెగటివ్ కానిదాన్ని ట్రిపుల్ నెగటివ్ అనేస్తే హార్మోన్ మాత్రలు అందకుండా పోతాయి. అందుకే మళ్లీ బయాప్సీ చేయించాం. సేమ్యా పోగుల్లాంటి నాలుగు ముక్కలు, వెంటనే 10% ఫార్మలిన్‌లో వేశారు. అందులో కనీసం 6 గంటలు, ఎక్కువలో ఎక్కువ 72 గంటలు ఉండాలి. మీ వాళ్లు ముక్కను ఎలా పంపారో కనుక్కోండి. హెర్2 దగ్గర 2+ అని ఉంటే, అంటే అటో ఇటో తేలకపోతే, ఆ జన్యువు కాపీలు లెక్కపెట్టే ఫిష్ టెస్టు చేయకుండా నెగటివ్ అనకూడదు, అదీ చూసుకోండి.

టిల్స్ కూడా హామీ పత్రం కాదు. అక్కకు ఆపరేషన్‌కు ముందే కీమో ఇచ్చారు. తర్వాత తీసిన రొమ్ములో, చంక గ్రంథుల్లో క్యాన్సర్ కణం ఒక్కటీ దొరకలేదు. కీమో వార్డులో పక్క బెడ్ తెనాలి ఆవిడకు టిల్స్ బాగానే ఉన్నా కొంత మిగిలింది, ఆపరేషన్ అయ్యాక కాపెసిటాబిన్ అనే కీమో మాత్రలు వాడారు. నాకర్థమైనంతవరకు బయాప్సీ చెప్పేది అంచనా, కీమో తర్వాత ఆపరేషన్ రిపోర్టు చెప్పేదే గట్టి మాట. ఏమీ మిగలకపోతే తిరగబెట్టే ముప్పు బాగా తగ్గుతుంది. ఈ రకం తిరగబెడితే ఎక్కువగా మొదటి మూడేళ్లలోనే, ఐదేళ్లు దాటాక అరుదు. అక్కకు ఐదేళ్లు నిండేదాకా ప్రతి చెకప్ ముందురోజూ మా ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండేది కాదు. ఆ టెన్షన్ మీకూ తప్పదు.

కాబట్టి ఆంకాలజిస్టును ముందే అడగండి: కీమో ముందా, ఆపరేషన్ ముందా? గడ్డ రెండు సెంటీమీటర్లు దాటినా, గ్రంథులకు పాకినా మామూలుగా కీమోనే ముందు పెడతారు. తొందరపడి గడ్డ తీయించేస్తే మందు పనిచేసిందో లేదో చూసుకునే వీలు పోతుంది. బయాప్సీ ముక్కను మైనంలో పొదిగి ల్యాబ్‌లో దాచిన బ్లాకులు సంతకం పెట్టి తెచ్చుకోండి. రెండో అభిప్రాయానికి కాగితం రిపోర్టు ఒక్కటే చాలదు.

మీరు కూతురో కొడుకో రాయలేదు. ఎవరైనా సరే, అమ్మగారికి బీఆర్‌సీఏ జన్యు పరీక్ష (రొమ్ము క్యాన్సర్ ముప్పు పెంచే, రక్తసంబంధీకులకూ ఉండగల జన్యు లోపం కోసం చేసేది) చేయించమని డాక్టర్‌ను అడగండి. అక్కకు నెగటివ్ వచ్చిందని ఫోన్ వచ్చిన రోజు, నాకు తెలియకుండానే నా చెయ్యి నా రొమ్ము మీదికి వెళ్లింది.